ఆరో నంబరు సిస్టంలో నాలుగు వాక్యాలు

వినార్సి నెట్ సెంటర్‌లో ఒక నియమం ఉంది. ముక్కూ మొహం తెలియని ఫైలు కనబడితే తెరవకూడదు, ఆమెను పిలవాలి. ఆ నియమం గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి కూడా ఉంది. కానీ జావా దీవిలోని యోగ్యకర్తలో, యూనివర్సిటీ వెనక సందులో నెట్ సెంటర్ నడుపుతూ, పిల్లలు గోడ మీద రాతలు చదువుతారని ఆశపడితే అది మన బుద్ధితక్కువ. పిల్లలు ముందు నొక్కుతారు. నొక్కాక, "అక్కా, ఇదేదో అయ్యింది" అంటారు.

ఆ రోజు పిలిచిన అమ్మాయికి పాపం వేరే కష్టం వచ్చింది. థీసిస్ రెండో అధ్యాయాన్ని పెన్‌డ్రైవ్‌లో దాచుకోకుండా ఆరో నంబరు సిస్టంలోనే దాచింది. మధ్యలో కరెంటు పోయింది. ఇంకేముంది! ఆ సెంటర్‌లో సిస్టంలన్నీ ఫ్రీజ్ చేసినవే, ఊళ్ళో ఏ సెంటర్‌లోనైనా అంతే. ఎవరు ఏం రాసినా, ఏ పాటలు దించుకున్నా, ఏ వైరస్‌ని మోసుకొచ్చినా, ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే చాలు. ఫ్రీజ్ చేసిన నాడు ఎలా ఉందో అచ్చం అలాగే లేచి కూర్చుంటుంది. మధ్యలో జరిగిందేదీ దానికి గుర్తుండదు. మనుషులకు ఆ భాగ్యం లేదు.

"అక్కా, కాస్త వెతికిపెట్టవా, నీకు పుణ్యముంటుంది."

"పోయింది తల్లీ. ఇందులో దాచుకోవడమంటే నీళ్ళలో ముగ్గు పెట్టుకోవడమే," అని తిడుతూనే వినార్సి ఫైళ్ళు దాచే చోటును తెరిచి చూసింది. అక్కడ ఏమీ ఉండకూడదు. ఒక ఫైలు ఉంది. దాని పేరు 'నీ కోసం'.

ఆ అమ్మాయిని మూడో నంబరుకు పంపించి, వినార్సి కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదట నెట్ వైరు పీకేసింది. ఆ రోజుల్లో వైరస్‌లు వేషాలేసుకుని తిరిగేవి. పైకి చూస్తే అమాయకమైన టెక్స్ట్ ఫైలు బొమ్మ, లోపల మాత్రం ప్రోగ్రాం. నొక్కామా, కొంప కొల్లేరే. అందుకే సిస్టం మామూలుగా దాచిపెట్టే ఫైలు పేరు చివరి తోకను బయటికి తెప్పించి చూసింది. తోక నిజంగానే టెక్స్ట్ ఫైలుది. ఎంత బరువుందో చూసింది. నాలుగు మాటల బరువే, లోపల దెయ్యాన్ని దాచేంత చోటు లేదు. అప్పుడు తెరిచింది.

"పిల్లా, ఇక్కడ కూడా సాయంత్రం పూట వాన పడుతోంది. మర్చిపోయానని మాత్రం అనుకోకు. నీ ముందు నిలబడే మొహం లేకే ఇలా రాస్తున్నాను. నేను వచ్చేదాకా కోపం తెచ్చుకోకు."

అంతే. కింద పేరు లేదు.

వినార్సి దాన్ని ఇంకోసారి చదివింది. తరవాత సిస్టం ఆపి మళ్ళీ వేసింది. అది బద్ధకంగా లేచింది. ఫైలు అక్కడే ఉంది. మళ్ళీ ఆపి వేసింది. మళ్ళీ ఉంది. కౌంటర్ దగ్గర ఎవరో డబ్బులిచ్చి వెళ్దామని నిలబడి దగ్గుతున్నారు. ఆమెకు వినబడలేదు.

'పిల్లా' అని ఆమెను పిలిచేది ఒక్కడే, ప్రసోజో. పెళ్ళాన్ని అలా పిలవని మగాడు జావాలో ఉంటాడా అంటే ఉండడు, అది వేరే సంగతి. ప్రసోజో ఆమె మొగుడు. ఈ సెంటర్ కట్టింది అతనే, గోడలకు చిల్లులు పొడిచి వైర్లు లాగింది అతనే. సముద్రం అవతల బాతాం దీవిలో ఫ్యాక్టరీలో పనుందని మూడేళ్ళ కింద బట్టలు సర్దుకుని వెళ్ళాడు. మొదట్లో ఫోన్లు చేశాడు. తరవాత తగ్గాయి. ఆ తరవాత ఆ నంబరే లేదని ఫోన్‌లో ఒకావిడ మర్యాదగా చెప్పడం మొదలుపెట్టింది. మనిషి బతికే ఉన్నాడని బాతాం నుంచి వచ్చినవాళ్ళు ఒకరిద్దరు చెప్పారు. ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఇప్పుడీ ఫైలు వచ్చింది సరిగ్గా ఎప్పుడయ్యా అంటే, మత కోర్టులో వాయిదాకు వారం రోజులుందనగా. వాళ్ళ పెళ్ళిళ్ళలో నిఖా కాగానే వరుడు పెళ్ళి పుస్తకం వెనక అచ్చేసి ఉన్న ప్రమాణాన్ని అందరి ముందూ పెద్దగా చదవాలి. రెండేళ్ళు వరసగా నేను నా భార్యను వదిలేసి పోతే ఆమె కోర్టుకెళ్ళి విడిపోవచ్చు అని. ప్రసోజో దాన్ని తప్పులతో గడగడా చదివేస్తే చుట్టాలందరూ నవ్వారు. ఆ ప్రమాణం పట్టుకునే వినార్సి దరఖాస్తు పెట్టుకుంది. నిజానికి పెట్టించింది సరినెం పిన్ని, వెనకాల పడి, చెవిలో జోరీగలా రొద చేసి. వచ్చే గురువారం జడ్జి ముందు అల్లా సాక్షిగా ఒకటే మాట చెప్పాలి, రెండేళ్ళ పైనుంచీ అతని దగ్గర్నుంచి ఏ కబురూ లేదని. మరి ఇది కబురైతే?

కుంచోరోకు ఫోన్ చేసింది. అతను ఊళ్ళో సగం నెట్ సెంటర్లకు డాక్టరు. మెడలో ఎర్ర తాడుకు పెన్‌డ్రైవ్ వేలాడుతుంటుంది, అందులో మందులన్నీ ఉంటాయని గొప్ప. స్కూటర్ దిగుతూనే మొదలెట్టాడు.

"ఏంటక్కా, ఏ సుపుత్రుడు ఏం అంటించి పోయాడు?"

"నువ్వే చూడు."

చూశాడు. తన మందు ప్రోగ్రాంతో సిస్టమంతా గాలించాడు. ఎక్కడా ఏమీ లేదని తేలింది. "వైరస్ కాదక్కా. వట్టి అక్షరాలు. అక్షరాలు కరవవు."

"కరవవని ఎవరు చెప్పార్రా నీకు?" అంది వినార్సి.

అతను ఆమె మొహం చూసి నవ్వడం మానేశాడు. నాలుగు వాక్యాలూ చదివాడు. చదివి తల గోక్కున్నాడు.

"ఆపి వేసినా పోవట్లేదంటే, ఎవరో ఫ్రీజ్ తీసి, ఇది పెట్టి, మళ్ళీ ఫ్రీజ్ చేశారన్నమాట. దానికి పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? నీకు. నాకు..." మూడో పేరు చెప్పకుండా ఆగిపోయాడు.

"నువ్వు రాశావా?"

"నేనా! బాబోయ్, మా ఆవిడ నన్ను బతకనిస్తుందా?"

"తేదీ చూడు."

తేదీ చూశాడు. ఉపవాసాల నెలకు ముందు సమాధులు శుభ్రం చేసుకునే పండగ రోజు. ఆ రోజు వినార్సి ఊళ్ళో లేదు, అమ్మానాన్నల సమాధుల దగ్గర గడ్డి పీకడానికి ఊరెళ్ళింది. సెంటర్‌ని పిన్ని చూసుకుంది.

"ఆ రోజు పొద్దున్న నేనే వచ్చాను కదక్కా, దీనికి కొత్త డిస్క్ వేశాను. నా పెన్‌డ్రైవ్‌లోంచి అన్నీ ఎక్కించి, ఫ్రీజ్ చేసి, పిన్ని పెట్టిన టిఫిన్ తిని వెళ్ళిపోయాను. ఇలాంటిదేమీ రాయలేదు, ఒట్టు. నేను వెళ్ళాక ఎవరో వచ్చి ఉండాలి."

నేను వెళ్ళాక ఎవరో. వినార్సి ఆ మాటనే పట్టుకుంది. అంటే వచ్చాడు. తను ఊళ్ళో లేని రోజు చూసుకుని వచ్చాడు. ఈ కుర్చీలో కూర్చున్నాడు. మొహం చూపించలేక, తన చేత్తో పెట్టిన పాస్‌వర్డ్‌తో తాళం తీసి, నాలుగు ముక్కలు రాసి, ఎవరూ చెరపకుండా గట్టిగా బిగించి పోయాడు. ఎంత ఆలోచించాడు! కుర్చీ చేతుల మీద ఆమె అరచేతులు పెట్టి చూసుకుంది. నవ్వుకోవాల్సినంత పిచ్చి పనే. నవ్వు రాలేదు ఆమెకు.

వెనక వంటింట్లో సరినెం పిన్ని టెంపే, అంటే పులియబెట్టిన సోయా ముక్కలు, వేయిస్తోంది. తల్లి పోయాక వినార్సిని పెంచింది ఆవిడే. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత గయ్యాళిది.

"పిన్నీ, నేను ఊరెళ్ళిన రోజు ఆయన వచ్చాడా?"

"ఏ ఆయన?"

"మా ఆయన."

"వస్తే ఈ గరిటె వాడి నెత్తి మీద ఉండేది. మూకుట్లో ఎందుకుంటుంది?"

"హాస్యాలు కాదు. నిజం చెప్పు. వచ్చాడు, నువ్వు తరిమేశావు. నాతో చెప్పకుండా దాచావు."

పిన్ని పొయ్యి ఆర్పింది. "ఆ రోజు ఎవరో వచ్చారు, ఎవరో పోయారు. నేను రేడియోలో నాటకం వింటున్నాను. అందరూ డబ్బులిచ్చారు, అంతవరకే నాకు తెలుసు. వాడు డబ్బులిచ్చే రకం కాదు కాబట్టి వాడు రాలేదు."

"రాశాడు పిన్నీ. రా, చదివి వినిపిస్తాను."

చదివి వినిపించింది. పిన్ని భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తెర మీద తనూ ఒకసారి కూడబలుక్కుని చదివింది.

"సంతకం ఏదీ?"

"చదివితే తెలియట్లేదా ఎవరిదో?"

"చదివితే నాకు మీ బాబాయి రాసినట్టుంది. ఆయన పోయి పదేళ్ళు దాటింది."

"నీకు ఆయనంటే మొదట్నుంచీ పడదు!"

"పడదు. గురువారం కోర్టులో ఏం చెప్తావు?"

"కబురొచ్చిందని చెప్తాను. దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను."

"తీసుకో. తీసుకుని ఇంకో మూడేళ్ళు ఆ బొమ్మ ముందు కూర్చో. నేను సాక్ష్యానికి కుట్టించుకున్న కొత్త జాకెట్టు నా సమాధికి పనికొస్తుంది," అని పిన్ని వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ రాత్రికి ఇద్దరూ మాట్లాడుకోలేదు. మర్నాడూ మాట్లాడుకోలేదు.

వినార్సి ఆరో నంబరు మీద 'పాడైంది' అని కాగితం అంటించింది. ఎవరినీ కూర్చోనివ్వలేదు. రోజూ పొద్దున్నే దాని తెరను మెత్తటి గుడ్డతో తుడిచేది. వచ్చినవాడు మళ్ళీ వస్తాడు కదా, తను చదివిందో లేదో చూసుకోవడానికైనా వస్తాడు కదా అనిపించింది. అందుకని ఫ్రీజ్ తీసి, అతని ఫైలు పక్కనే తనూ ఒక ఫైలు రాసి పెట్టింది. ఏమేమో రాసి, అన్నీ కొట్టేసి, చివరికి ఒకే ఒక్క ముక్క ఉంచింది. "మొహం లేకపోతే మొహం లేకుండానే రా." మళ్ళీ ఫ్రీజ్ చేసి బిగించింది.

మూడేళ్ళలో ఆమె ఇంత ఆనందంగా ఎప్పుడూ లేదు. పాపిష్టి ఆశ అది, ఒకసారి లేచిందంటే మనిషిని పడుకోనివ్వదు. సాయంత్రం సందు చివర టీ బండి దగ్గర చిక్కటి తియ్యటి టీ రెండు గ్లాసులు కట్టించుకొచ్చేది, ఒకటి చల్లారిపోయాక పారబోసేది. పడే ప్రతి వానకూ అతను ఏ ఊళ్ళో తడుస్తున్నాడో అనుకునేది. ఇక్కడ కూడా అన్నాడంటే ఇదే ఊరు కాదు. కానీ దగ్గరే అయ్యుండాలి, వచ్చి పోయాడు కాబట్టి.

వాయిదా ఇంకో రెండు రోజులుందనగా ఆమెకు తట్టింది. అన్నం లేకపోయినా ఉంటాడు గానీ, నెట్ లేకుండా ప్రసోజో ఒక్కరోజు ఉండలేడు. ఊళ్ళో ఉంటే ఏదో ఒక సెంటర్‌లో కూర్చునే ఉంటాడు. పెళ్ళి ఫోటోలోంచి అతని సగాన్ని ఫోన్‌తో తీసుకుని, మోటార్‌సైకిల్ మీద బయల్దేరింది. కాలేజీల వెనక సందులన్నీ తిరిగింది. "ఇతన్ని చూశారా?" చూడలేదు. "కాస్త బరువు పెరిగి ఉండొచ్చు." చూడలేదు. ఒకచోట కుర్రాడు, "అప్పు ఎగ్గొట్టాడా అక్కా?" అని అడిగాడు. "అవును, పెద్దప్పే," అంది.

ఎందాంగ్ గారి సెంటర్ దగ్గరికి వచ్చేసరికి వాన పట్టుకుంది. ఎందాంగ్ గారు పాత స్నేహితురాలు, ఒకే రోజుల్లో సెంటర్లు తెరిచినవాళ్ళు. ఆవిడ ఫోటో చూసి, వినార్సిని చూసి, ఏమీ అడగకుండా తువ్వాలు చేతికిచ్చింది.

"వాన తగ్గేదాకా కూర్చోవమ్మా. ఏదో ఒక సిస్టం పెట్టుకో, డబ్బులడగనులే."

వినార్సి గోడవార సిస్టం ముందు కూర్చుంది. చెయ్యి ఊరుకోదు కదా, అలవాటుగా ఫైళ్ళు దాచే చోటు తెరిచింది.

'నీ కోసం.'

"వచ్చాడు! ఇక్కడికీ వచ్చాడు!" అని పైకే అనేసింది. పక్క కుర్చీలో పిల్లాడు హడలిపోయి చూశాడు. తన కోసం ఊరంతా తిరిగి, ఎక్కడ దొరికితే అక్కడ రాసి పెట్టాడు! ఎందాంగ్ గారూ అని కేక పెట్టబోతూ తెరిచింది. అవే నాలుగు వాక్యాలు. ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

అప్పుడు, ఎందుకో ఆమెకే తెలియదు, పక్క పిల్లాడితో "కొంచెం జరుగు నాన్నా" అని అతని సిస్టంలోనూ అదే చోటు తెరిచింది. అక్కడా ఉంది.

"అదా?" అంటూ ఎందాంగ్ గారు వెనక నుంచి వంగి చూసింది. "అది వచ్చి నెల పైనే అయిందమ్మా. ఎంత కొట్టేసినా పోదు. మా పిల్లలు దానికి రాగం కట్టి పాడుతున్నారు. ఈ వరసలో అన్నింటిలోనూ ఉంది. ఈ వరసంతా మన కుంచోరో కొత్తగా వేసిపెట్టాడులే, అడుగుదామంటే దొరకడు. ఏమ్మా, ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"తడిశాను కదండీ," అంది వినార్సి.

కూర్చునే ఉంది. బయట వాన తగ్గింది, వెళ్ళొచ్చు. ఏడుపు రాలేదు, అవమానం వచ్చింది. ఒంటరిగా ఉన్నప్పుడు పడే అవమానం ఎవరికీ చెప్పుకునేది కాదు. రెండు గ్లాసుల టీ గుర్తొచ్చింది.

కుంచోరో ఇంట్లో అన్నం తింటుండగా వెళ్ళింది. "నీ పెన్‌డ్రైవ్ ఇవ్వు," అంది, గుమ్మంలో నిలబడే.

"ఎందుకక్కా? ముందు లోపలికి రా, తిను..."

"ఇవ్వు."

అతని గదిలో ఒక పాత సిస్టం ఉంది, ఏ వైరూ తగిలించనిది, అనుమానపు సరుకు చూడటానికి. దానికి పెన్‌డ్రైవ్ గుచ్చారు. దాచి ఉన్నవన్నీ కనబడేలా చెయ్యమంది. కుంచోరో చేశాడు. మందుల ప్రోగ్రాంలన్నింటి వెనక, పెన్‌డ్రైవ్ మూలన, అతనెప్పుడూ పెట్టని ఒక చిన్న ప్రోగ్రాం నక్కి ఉంది. అతని నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఇదెప్పుడు..." అన్నాడు. "నా మందుకు ఇది తెలియదు. కొత్తది. ఇక్కడి పిల్లలే ఎవరో రాసుకుంటారు ఇలాంటివి." మింగి, నెమ్మదిగా లెక్కేసుకున్నాడు. "ఫ్రీజ్ తీసినప్పుడు నేను పెన్‌డ్రైవ్ పెడతాను. అప్పుడు ఇది దిగి, ఆ ఉత్తరం పెడుతుంది. నేను ఆ పైన ఫ్రీజ్ చేస్తాను. నేనే బిగించాను అక్కా. నేనే అన్నింటిలోనూ బిగించుకుంటూ పోయాను." చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఊరికి వైద్యం చేసేవాడు రోగాన్ని మెడలో వేసుకుని తిరిగాడు. వేరే రోజైతే వినార్సి ఇది చెప్పి వారం పాటు నవ్వించేది అందరినీ.

"ఎవరు రాశారో తెలుస్తుందా?"

అతను ఆ ప్రోగ్రాంను నడపకుండా, దాని లోపలి అక్షరాలను మాత్రం తెర మీదికి తీశాడు. పిచ్చి గుర్తుల మధ్య అక్కడక్కడా చదవగలిగే ముక్కలు ఉన్నాయి. ఆ నాలుగు వాక్యాలు ఉన్నాయి. వాటి కింద, ఫైల్లోకి రాని ఇంకో ముక్క ఉంది. 'పాలుపి కోసం. నువ్వు ఏ సెంటర్‌లో కూర్చుంటావో తెలియక అన్నింటికీ పంపిస్తున్నాను.'

వినార్సి ఆ పేరు వంక చూసింది. పాలుపి ఎవరో, ఏ కాలేజీయో, ఎక్కడ కూర్చుని ఏం చదువుకుంటోందో. కోపం రావాల్సింది, రాలేదు. ఈర్ష్య కలిగింది. తన కోసం ఊళ్ళో సిస్టంలన్నింటికీ జబ్బు అంటించే మగాడొకడు ఉన్నాడు ఆ పిల్లకి.

"ఆ అమ్మాయి చదివిందంటావా?"

"ఎలా తెలుస్తుందక్కా?" కుంచోరో పెన్‌డ్రైవ్ పీకేశాడు. "అక్కా, ఆ రోజు నేను... నేను వెళ్ళాక ఎవరో వచ్చుంటారని నేనే అన్నాను. నా నోరు పడిపోనూ."

"నువ్వు అనకపోయినా నేను అనుకునేదాన్నిరా," అంది. "లే. అన్నం తిని రా. నా దాంట్లోంచి తీసెయ్యి."

వచ్చాడు. ఆరో నంబరు ముందు కూర్చుని ఫ్రీజ్ తీశాడు. ప్రోగ్రాంను వెతికి పీకాడు, ఫైలు కొట్టేశాడు. తరవాత తెర మీద వేలు పెట్టి చూపించాడు.

"పక్కన ఇంకో ఫైలుందక్కా. ఇది వైరస్ పెట్టింది కాదు."

"తెలుసు. అది కూడా తీసెయ్యి."

తీసేశాడు. మళ్ళీ ఫ్రీజ్ చేసి, ఆపి, వేసి చూపించాడు. ఖాళీగా లేచింది. 'పాడైంది' కాగితాన్ని ఆమే చింపేసింది.

వంటింట్లో పిన్ని బియ్యం ఏరుతోంది. వినార్సి వెళ్ళి ఎదురుగా కూలబడి, చేటలో తనూ చెయ్యి పెట్టింది. కాసేపు ఇద్దరూ రాళ్ళు ఏరారు.

"ఆయన రాయలేదు పిన్నీ."

పిన్ని నేను చెప్పలేదా అనలేదు. అనే మనిషే, ఆ రోజుకు ఊరుకుంది. "నిజంగానే మీ బాబాయి రాసినట్టుందే అది," అంది. "ఆ రోజు నీ మీద కోపంతో అన్నాను గానీ, చదవగానే నాకూ కాసేపు అలాగే అనిపించింది."

"నిన్ను అనరాని మాటలన్నాను."

"అన్నావు. గురువారానికి ఆ కొత్త జాకెట్టు ఇస్త్రీ చేసిపెట్టు, సరిపోతుంది."

గురువారం కోర్టు హాలు నిండా ఆడవాళ్ళే. వినార్సి పేరు పిలిచారు. ముగ్గురు జడ్జీలు, మధ్యలో పెద్దాయన, చల్లటి మనిషి. పిన్ని సాక్ష్యం ముందే అయిపోయింది. అడిగిన దానికి మూడింతలు చెప్పింది, ఆపడానికి గుమాస్తా బల్ల కొట్టాల్సి వచ్చింది.

"అమ్మా, ఈ రెండేళ్ళలో మీ భర్త దగ్గర్నుంచి డబ్బుగానీ, ఫోన్‌గానీ, ఉత్తరంగానీ, ఏదైనా కబురు వచ్చిందా?"

వినార్సి ఒకసారి వెనక్కి తిరిగి పిన్ని కొత్త జాకెట్టు వంక చూసింది.

"ఒకటి వచ్చిందండీ."

పెద్దాయన కలం ఆగింది. "ఏమని?"

"మర్చిపోలేదని. వచ్చేదాకా కోపం తెచ్చుకోవద్దని." ఆయన రాయబోతుంటే మళ్ళీ అందుకుంది. "వారం రోజులు నాదే అనుకున్నానండీ. కనుక్కుంటే అది వేరే అమ్మాయికి, వేరే అబ్బాయి రాసుకున్నది. దారి తప్పి మా సెంటర్‌కి వచ్చింది."

"అయితే మీకు రాలేదన్నమాట."

"నాకు రాలేదండీ."

ఆయన రాసుకున్నాడు. పెళ్ళి పుస్తకం తిప్పి, వెనక అట్ట దగ్గర ప్రమాణం పేజీ తీసి, ప్రసోజో తప్పులతో చదివిన ఆ మాటలను తాను నిదానంగా, తప్పుల్లేకుండా చదివాడు. చదివాక కళ్ళద్దాలు తీశాడు.

"చూడమ్మా, ఇది ఇంకెవరూ చెప్పలేరు, మీరే చెప్పాలి. మీ భర్త మిమ్మల్ని ఇలా వదిలేసి వెళ్ళడం మీకు సమ్మతమేనా? సమ్మతమే అన్నారనుకోండి, దరఖాస్తు కొట్టేస్తాం, మీ పెళ్ళి అలాగే ఉంటుంది, ఇంటికెళ్ళి ఎదురు చూసుకోవచ్చు. సమ్మతం కాదన్నారా, ఆ మాటతో ప్రమాణం అమల్లోకి వస్తుంది, పెళ్ళి తెగిపోతుంది. తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పండి."

మూడేళ్ళ నుంచీ జనం ఆమెను అన్నీ అడిగారు. ఫోన్ చేశాడా, డబ్బు పంపాడా, ఇంకో దాన్ని కట్టుకున్నాడా, నువ్వేమన్నా అన్నావా. అతను వెళ్ళడం నీకు ఇష్టమేనా అని ఇంతవరకూ ఒక్కళ్ళూ అడగలేదు. బట్టలు సర్దుకుంటున్న రోజున అతనూ అడగలేదు. ఆమె నోరు తెరిచింది. మాట వచ్చింది, ఆమె అనుకున్న దానికన్నా చాలా పెద్దగా.

"సమ్మతం కాదండీ," అంది. "ఒక్క పూట కూడా సమ్మతం కాలేదు."

పెద్దాయన తలూపి, పక్కనున్న గుమాస్తాకు రాసుకొమ్మని చెప్పాడు.